ఎనిమిది తరగతులకు ఒకే స్పానిష్ టీచర్: ఏ వయసుకు ఏం చెప్పాలి, గ్రామర్ ఎప్పుడు?

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుంటాను. ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా స్పానిష్ చెప్పే బాధ్యత మీ ఒక్కరి మీదే పడింది. ఐదో తరగతి దాకా వారానికి రెండు అరగంట పీరియడ్లు, ఆ పైన వారానికి మూడు ముప్పావుగంట పీరియడ్లు. పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. చేతిలో ఒకే టెక్స్ట్‌బుక్ ఉంది. దాన్ని ఎనిమిది భాగాలు చేసి ఏడాదికొకటి చెప్పుకుంటూ పోవచ్చా, గ్రామర్ ఏ తరగతిలో మొదలుపెట్టాలి అని అడిగారు.

పుస్తకాన్ని ఎనిమిది ముక్కలు చేయకండి. పదిహేడేళ్ళుగా ఈ రెండు వయసుల పిల్లలకూ స్పానిష్ చెబుతున్నాను. మొదటి నాలుగేళ్ళు నేను సరిగ్గా ఆ పనే చేశాను. ఒకటో తరగతిలో రంగులు, పది దాకా అంకెలు, జంతువులు. రెండో తరగతిలో అవే రంగులు, ఇరవై దాకా అంకెలు, ఇంకొన్ని జంతువులు. మూడులో మళ్ళీ అవే, ఈసారి వారాలు, నెలలు కలిపి. ఐదో తరగతికి వచ్చాక ఒక పాప చెయ్యెత్తి, "మళ్ళీ రంగులేనా మిస్?" అంది. ఆ పిల్లకు అప్పటికి వందకు పైగా స్పానిష్ మాటలు వచ్చు. కానీ "నాకు నీళ్ళు కావాలి" అని చెప్పడం రాదు. ఆ రోజు ఇంటికొచ్చి నా ప్లాన్ మొత్తం మళ్ళీ రాసుకున్నాను. తప్పు పాపది కాదు, నాది. నాలుగేళ్ళ పాటు పేర్లు నేర్పాను, క్రియలు నేర్పలేదు. క్రియ లేకపోతే వాక్యం లేదు, వాక్యం లేకపోతే పిల్లలకు చెప్పడానికంటూ ఏమీ ఉండదు.

అందుకే నా ప్లాన్ ఇప్పుడు ఏడు క్రియల మీద నిలబడింది. చాలామంది స్పానిష్ టీచర్లు దాదాపు ఇవే ఎంచుకుంటారు. ఐ (ఉంది, ఉన్నాయి), ఎస్తా (ఫలానా చోట, ఫలానా స్థితిలో ఉంది), ఎస్ (ఇది ఫలానా అని చెప్పే మాట), త్యేనె (దగ్గర ఉంది), క్యేరె (కావాలి), బా (వెళ్తుంది), లె గుస్తా (నచ్చుతుంది). ఈ ఏడింటితో ఒకటో తరగతి పిల్లకు ఒక చిన్న కథ చెప్పొచ్చు. ఒక పిల్లి ఉంది. అది ఇంట్లో ఉంది. అది చిన్న పిల్లి. దానికి ఒక టోపీ ఉంది. దానికి పెద్ద టోపీ కావాలి. అది దుకాణానికి వెళ్తుంది. ఆ టోపీ దానికి నచ్చుతుంది. రంగులు, అంకెలు, జంతువులు అన్నీ ఈ కథలోనే వచ్చేస్తాయి, వాటికి విడిగా పాఠం అక్కర్లేదు. ఎనిమిదో తరగతిలో కూడా ఇవే ఏడు క్రియలు ఉంటాయి, కాకపోతే భూతకాలంలో, పొడవైన వాక్యాల్లో, పిల్లల సొంత సంగతులు చెప్పుకోవడానికి. ఏటేటా తిరిగి రావాల్సింది క్రియలు. టాపిక్ మాత్రం ఏటేటా మారాలి.

ఇంకో మాట, ఇది మీరు పిల్లల తల్లిదండ్రులతో మొదటి మీటింగ్‌లోనే చెప్పాలి. ఏడాదికి 36 వారాలు క్లాసులు జరిగాయనుకుందాం. చిన్న తరగతులకు ఏడాదికి 36 గంటలు, ఐదేళ్ళకు 180. పెద్ద తరగతులకు ఏడాదికి 81 గంటలు, మూడేళ్ళకు 243. మొత్తం ఎనిమిదేళ్ళలో 423 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ లెక్క ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళు ఉద్యోగానికి సరిపోయేంత స్పానిష్ నేర్చుకోవడానికే సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు పడుతుంది. వాళ్ళు రోజంతా అదే పనిగా చదివే పెద్దవాళ్ళు. అలాంటప్పుడు మన రెండో తరగతి పిల్లాడు ఏడాది చివర్లో గడగడా మాట్లాడాలని ఆశించడం న్యాయం కాదు. ఈ లెక్క చూపించకపోతే, "రెండేళ్ళయింది, ఇంకా మాట్లాడట్లేదేంటి?" అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న పిల్లాడి ముందే అడిగితే వాడికి స్పానిష్ అంటేనే టెన్షన్ పట్టుకుంటుంది. నేను ప్రతి జూన్‌లో ఒక పేజీ రాసి ఇస్తాను: ఈ ఏడాది చివరికి మీ పాప ఏం విని అర్థం చేసుకోగలదు, ఏం చదవగలదు, ఏం చెప్పగలదు. ఒకటి, రెండు తరగతులకు "చెప్పగలదు" అన్న గడిలో చాలా తక్కువ రాస్తాను.

ఒకటి, రెండు తరగతుల సంగతికొద్దాం. ఈ వయసులో భాష చెవిలోంచి, కాళ్ళూ చేతుల్లోంచి వెళ్తుంది. 1960ల్లో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అనే పద్ధతిని తెచ్చాడు. క్లుప్తంగా టీపీఆర్ అంటాం. టీచర్ ఆజ్ఞ ఇస్తుంది, పిల్లలు చేసి చూపిస్తారు, నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. లెబాంతెన్సె అంటే అందరూ లేవాలి. స్యేంతెన్సె అంటే కూర్చోవాలి. సాల్తెన్ అంటే గెంతాలి. తోకెన్ లా మేసా అంటే బల్లను ముట్టుకోవాలి. మొదట మీరు చేస్తూ చెప్పండి, తర్వాత చేయకుండా చెప్పండి, ఆ తర్వాత వరస మార్చి చెప్పండి. మూడు వారాలయ్యేసరికి "ఎర్ర పుస్తకం పట్టుకుని తలుపు దాకా నడిచి ఆగండి" అన్నంత పొడవు వాక్యం విన్నా పిల్లలు చేసేస్తారు. ఆ వాక్యం వాళ్ళు ఎన్నడూ చెప్పి ఉండరు, అయినా మొత్తం అర్థమవుతుంది. దీనికి ఇంకో లాభం ఉంది, అది ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ కనపడదు. క్లాసు మొత్తానికి చెప్పే ఈ ఆజ్ఞారూపాలే పై తరగతుల్లో సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) అనే పేరుతో ఎదురవుతాయి. ఎవరికైనా కష్టంగా ఉండే ఆ పాఠంలో, మన పిల్లల చెవికి ఆ ధ్వనులు అప్పటికే పాతవి.

ఈ తరగతుల్లో నోరు విప్పని పిల్లల్ని బలవంతం చేయకండి. లేచి గెంతుతున్నాడంటే నేర్చుకుంటున్నాడనే అర్థం. నా దగ్గర ఒక బాబు ఒకటో తరగతి మొత్తం ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పిన ప్రతిదీ చేసేవాడు. రెండో తరగతిలో దసరా సెలవుల తర్వాత ఒకరోజు పక్కవాడు తప్పు పుస్తకం ఎత్తితే, "నో, ఎల్ రోహో!" అని అరిచాడు. కాదు, ఎర్రది అని. ఎవరూ అడగకుండా, అవసరమొచ్చి బయటికొచ్చిన మాట అది.

అక్షరమాలతో మాత్రం మొదలుపెట్టకండి. గోడకు అక్షరాల పోస్టర్ కావాలంటే అది ఎప్పటిదో చూసి కొనండి. పాత పోస్టర్లలో చె, ఎల్యె అనే జంట అక్షరాలు విడి అక్షరాలుగా ఉంటాయి. స్పానిష్ అకాడెమీలు 1994లోనే నిఘంటువు వరసలో వాటిని విడిగా పెట్టడం మానేశాయి, 2010 నాటి వర్ణక్రమ నియమాల్లో అక్షరమాల నుంచే తీసేశాయి. ఇప్పుడున్నవి 27 అక్షరాలు.

మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో చదవడం మొదలవుతుంది. స్పానిష్‌లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే, రాసింది రాసినట్టే పలుకుతారు. మన తెలుగులాగే. ఇంగ్లీషు స్పెల్లింగులతో అలసిపోయిన పిల్లలకు ఇది ఎంత హాయో చెప్పలేను. హెచ్ అక్షరం పలకదు, జె అక్షరం గొంతులోంచి వచ్చే హ లాంటిది, బి, వి రెండూ ఒకటే ధ్వని, ఎన్ మీద వంకర గీత ఉంటే మన ఞ. ఇలాంటి కొన్ని సంగతులు తెలిస్తే ఏ పేజీ అయినా పైకి చదవగలరు. కానీ తొందరపడొద్దు. పిల్లలు చెవితో విన్న కథనే మొదట చదవనివ్వండి. మంగళవారం చెప్పిన కథ గురువారం కాగితం మీద కనపడాలి. తెలియని కథ ఇచ్చి చదవమంటే ఇంగ్లీషు ఉచ్చారణ మొత్తం స్పానిష్‌లోకి దిగిపోతుంది, దాన్ని వదిలించడానికి ఏళ్ళు పడుతుంది.

కథ చెప్పడం అంటే మీరు చెబుతూ పోవడం కాదు. 1990 ప్రాంతంలో బ్లెయిన్ రే అనే అమెరికన్ స్పానిష్ టీచర్ టీపీఆర్‌ని కథల్లోకి తెచ్చాడు. ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ప్రశ్నలడిగే తీరు. "పిల్లికి టోపీ కావాలి" అన్నారనుకోండి. వెంటనే అడగండి: పిల్లికి టోపీ కావాలా? సి, పిల్లలు ఒప్పుకుంటారు. పిల్లికి టోపీ కావాలా, పుస్తకం కావాలా? టోపీ. పిల్లికి పుస్తకం కావాలా? నో. ఎవరికి టోపీ కావాలి? పిల్లికి. పిల్లికి ఏం కావాలి? ఇక్కడ ఒక్కొక్కరూ తమకు తోచింది చెప్పడం మొదలుపెడతారు, కథ వాళ్ళదైపోతుంది. ఈ ఐదు ప్రశ్నల్లో "క్యేరె" అనే మాట ఐదుసార్లు వినపడింది, ఎవరికీ విసుగు రాలేదు. నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్లలకు అవును, కాదు ప్రశ్నలు, చురుగ్గా ఉన్నవాళ్ళకు ఎందుకు అన్న ప్రశ్న. ఒకే కథ, ఒకే క్లాసు, అందరూ పాల్గొంటారు.

క్లాసులో ఎంత స్పానిష్ మాట్లాడాలి అని చాలామంది అడుగుతారు. అమెరికాలో విదేశీ భాషలు చెప్పే టీచర్ల సంస్థ ఏసీటీఎఫ్‌ఎల్ 2010లో క్లాసు సమయంలో 90 శాతం, అంతకంటే ఎక్కువ ఆ భాషలోనే జరగాలని సిఫారసు చేసింది. లక్ష్యం మంచిదే. కానీ పిల్లలకు అర్థం కాని స్పానిష్ తొంభై శాతం మాట్లాడితే అది ఉత్త చప్పుడు. నేను కొత్త మాట వచ్చినప్పుడు దాని అర్థం బోర్డు మీద తెలుగులో రాసేస్తాను, రెండు సెకన్ల పని. బొమ్మ గీసి, మూకాభినయం చేసి రెండు నిమిషాలు వృథా చేయను. అర్థం తెలిశాక ఇక అంతా స్పానిష్‌లోనే. గోడ మీద నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాల్లో అంటించి ఉంచుతాను. నో ఎంత్యేందో అంటే అర్థం కాలేదు. ఓత్రా బెస్, పోర్ ఫబోర్ అంటే ఇంకోసారి చెప్పండి. కోమో సె దీసె అంటే దీన్ని ఎలా అంటారు? ప్వేదో ఇర్ అల్ బాన్యో అంటే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా? చివరిది అన్నిటికంటే ముందు వచ్చేస్తుంది. దానిలో గ్రామర్ ఎంతుందో పిల్లలకు తెలియదు, తెలియక్కర్లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, గ్రామర్. పేర్లు పెట్టి, పట్టిక గీసి చెప్పే గ్రామర్ ఆరో తరగతి నుంచే. అప్పటికి పిల్లల దగ్గర వందల వాక్యాలు ఉంటాయి. గ్రామర్ అంటే ఆ వాక్యాలు ఎలా ఉన్నాయో చూసి పేరు పెట్టడం. తెంగో (నాకు ఉంది), త్యేనెస్ (నీకు ఉంది), త్యేనె (అతనికి, ఆమెకు ఉంది) అని పట్టిక గీసినప్పుడు "ఓ, ఇది మాకు తెలుసు" అని పిల్లలు అనాలి. ఎవరూ అలా అనకపోతే పట్టిక తొందరపడి వచ్చిందని అర్థం.

ఇక్కడే మీకు ఒక గొప్ప వరం ఉంది. మీ పిల్లలకు తెలుగు వచ్చు. మనకు దొరికే స్పానిష్ గ్రామర్ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి, అందుకే వాటిలో కొన్ని పాఠాలు కొండంత కష్టంగా కనిపిస్తాయి. తెలుగులోంచి చూస్తే అవి అంత కష్టం కావు. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను, మీరు ఆలస్యం చేయకండి.

మె గుస్తా తీసుకోండి. ఇంగ్లీషులో "నేను ఇష్టపడతాను" అన్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పిల్లలు తలకిందులవుతారు. మనకు? నాకు పుస్తకం నచ్చుతుంది, మె గుస్తా ఎల్ లీబ్రో. నాకు పుస్తకాలు నచ్చుతాయి, మె గుస్తాన్ లోస్ లీబ్రోస్. పుస్తకం ఒకటైతే క్రియ ఏకవచనం, రెండైతే బహువచనం, రెండు భాషల్లోనూ సరిగ్గా ఒకే చోట మారింది. "నచ్చు" అనే క్రియ మనకు ఉండటం ఎంత అదృష్టమో ఆ పాఠం చెప్పినప్పుడు తెలుస్తుంది. అలాగే వయసు. స్పానిష్‌లో వయసు "ఉంటుంది". తెంగో ఓచో ఆన్యోస్ అంటే నాకు ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషులోంచి ఆలోచించే పిల్లలు "నేను ఎనిమిది" అంటారు. తెలుగులో "నాకు" అని మొదలుపెట్టే చాలా వాక్యాలకు స్పానిష్‌లో తెంగో సరిపోతుంది. నాకు ఇద్దరు అక్కలున్నారు, నాకు ఆకలిగా ఉంది, నాకు చలిగా ఉంది, నాకు భయంగా ఉంది, అన్నీ తెంగోనే.

ఎస్, ఎస్తాల తేడా కూడా అంతే. రెండింటికీ ఇంగ్లీషులో ఒకే మాట, అందుకే దాని మీద అధ్యాయాలు రాస్తారు. "ఆమె డాక్టర్" అన్నప్పుడు మనం "ఉంది" అనం. అక్కడ ఎస్. "ఆమె ఆస్పత్రిలో ఉంది", "ఆమె కోపంగా ఉంది" అన్నప్పుడు "ఉంది" వచ్చింది, అక్కడ ఎస్తా. ఇది అన్నిచోట్లా పని చేయదు, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. "ఇల్లు పెద్దగా ఉంది" అంటాం మనం, స్పానిష్‌లో ఆ ఇంటి గుణం కాబట్టి ఎస్ రావాలి. అయినా మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. ఐ, ఎస్తాల తేడా ఇంకా అందంగా ఉంటుంది. "బల్ల మీద పుస్తకం ఉంది" అంటే ఐ. "పుస్తకం బల్ల మీద ఉంది" అంటే ఎస్తా. మనం మాటల వరస మార్చి చెప్పేది స్పానిష్ క్రియ మార్చి చెబుతుంది. ఏడో తరగతిలో ఈ రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఏంటో మీరు చెప్పకుండా పిల్లల్నే కనుక్కోమనండి.

ఇక ఎనిమిదో తరగతిలో రెండు భూతకాలాలు. ఫుయి, ఈబా. ఇంగ్లీషు పిల్లలకు రెండూ "వెంట్" అనే అనిపిస్తాయి. మనకు ఒకటి "వెళ్ళాను", రెండోది "వెళ్ళేవాణ్ణి" లేదా "వెళ్ళేదాన్ని". ఒక ముసలివాడు ఉండేవాడు. రోజూ చెరువుకు వెళ్ళేవాడు. ఒకరోజు పెద్ద చేప పడింది. తెలుగులో ఏ పిల్లాడైనా ఈ కథను ఇలాగే చెబుతాడు, "ఒకరోజు" దగ్గర క్రియ దానంతటదే మారిపోతుంది. స్పానిష్‌లోనూ సరిగ్గా అక్కడే మారుతుంది. సాబీయా అంటే అప్పటికే తెలుసు, సూపె అంటే అప్పుడు తెలిసింది. ముందు కథ తెలుగులో చెప్పించండి, క్రియల కింద గీతలు గీయించండి, తర్వాత స్పానిష్‌కు వెళ్ళండి. నాకు మూడు వారాలు పట్టే పాఠం ఇప్పుడు వారంలో అయిపోతోంది.

మర్యాద సంగతి చెప్పనక్కర్లేదు. తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. పెద్దవాళ్ళతో ఏది వాడాలో మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. స్పెయిన్‌లో చనువున్నవాళ్ళ గుంపును బొసోత్రోస్ అంటారు, లాటిన్ అమెరికాలో అందరినీ ఉస్తేదెస్ అంటారు, అర్జెంటీనాలో తూ బదులు బోస్ వినపడుతుంది. మీరు ఒక తీరు ఎంచుకుని దానికి కట్టుబడండి. మిగతావి తప్పు కాదని పిల్లలకు తెలిస్తే చాలు.

తెలుగు అడ్డొచ్చే చోట్లూ ఉన్నాయి. మనం ఎ తో మొదలయ్యే మాటలకు ముందు తెలియకుండానే "య" చేరుస్తాం, ఎస్తా కాస్తా యెస్తా అవుతుంది, ఎల్ కాస్తా యెల్ అవుతుంది. మాట చివర హల్లు ఉంటే "ఉ" చేరుస్తాం. స్పానిష్ త, ద మన త, ద లాగే నాలుక పళ్ళకు తగిలేవి. కానీ పిల్లలు ఇంగ్లీషు అలవాటుతో ట, డ పలుకుతారు. "తెలుగు త అను" అంటే చాలు, సరిపోతుంది. ర్ర ధ్వని మన పిల్లలకు తేలిక. పేరో అంటే "కానీ", పెర్రో అంటే "కుక్క", ఆ తేడా ఒక్కసారి వింటే పట్టేస్తారు. రానివాళ్ళుంటే వాళ్ళను నిలబెట్టి పలికించకండి, స్పానిష్ పిల్లలకు కూడా ఆ ధ్వని అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. విశేషణం నామవాచకం తర్వాత రావడం కూడా మనకు తిరకాసే. లీబ్రో రోహో, పుస్తకం ఎర్ర. దీనికి నియమం చెప్పకండి, ఒకటో తరగతి నుంచి రంగును ఎప్పుడూ వస్తువుతో కలిపే పలికించండి.

లింగం గురించి ఒక్క మాట. స్పానిష్‌లో వస్తువుల పేర్లకూ లింగం ఉంటుంది, పుంలింగమైతే ముందు ఎల్, స్త్రీలింగమైతే లా వస్తుంది. మేసా ఎప్పుడూ ఒంటరిగా చెప్పకండి, లా మేసా అనే చెప్పండి. "బల్ల ఆడదా మిస్?" అని రెండో తరగతిలో తప్పకుండా అడుగుతారు. కాదు, ఆ మాట లా జట్టులో ఉంది, లీబ్రో ఎల్ జట్టులో ఉంది అంటాను నేను. జట్టు అనగానే వాళ్ళకు సరిపోతుంది. దీయా (రోజు), మాపా (మ్యాప్), ప్రొబ్లేమా (సమస్య) చివర "ఆ" ఉండటంతో చూడటానికి లా జట్టులా ఉండి ఎల్ జట్టులో ఆడతాయి, మానో (చెయ్యి) దానికి తిరగబడ్డది. ఈ మినహాయింపులను చిన్నప్పుడే జట్టుతో సహా విన్న పిల్లలు పెద్దయ్యాక తప్పు చేయరు.

ఆరో తరగతి దగ్గర పిల్లలు మారిపోతారు. నిన్నటి దాకా గెంతిన పిల్లాడు ఇవాళ లేవమంటే సిగ్గుపడతాడు. నలుగురి ముందు తప్పు మాట్లాడటం ఈ వయసులో అన్నిటికంటే పెద్ద భయం. అందుకని క్లాసు ముందు నిలబెట్టి మాట్లాడించడం మానేసి, ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనివ్వండి. వాళ్ళకు వాళ్ళ మీద, స్నేహితుల మీద ఉన్నంత ఆసక్తి పిల్లి కథల మీద ఉండదు. నేను వారానికొక పిల్లను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, స్పానిష్‌లో ఇంటర్వ్యూ చేస్తాను. ఏం నచ్చుతుంది, ఎక్కడికి వెళ్ళాలనుంది, ఇంట్లో ఎవరున్నారు. ఇష్టం లేనివాళ్ళు వద్దనొచ్చు. తర్వాత మిగతావాళ్ళు ఆ పిల్ల గురించి రాస్తారు. రాయడానికి ఐదు నిమిషాలు, పెన్ను ఆపకూడదు, తప్పులు దిద్దను, చివర్లో మాటలు లెక్కపెట్టుకుంటారు. ఆగస్టులో 20 మాటలు రాసిన పిల్ల ఫిబ్రవరిలో 70 రాసి, తన నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూసుకుంటుంది. అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి మీరు.

ఇంగ్లీషు పోలికలు ఈ వయసులో సాయం చేస్తాయి, మోసమూ చేస్తాయి. రోపా అంటే బట్టలు, తాడు కాదు. సోపా తాగేది, ఒంటికి రాసుకునేది కాదు. ఎక్సితో అంటే విజయం, బయటికెళ్ళే దారి కాదు. వీటి జాబితా పిల్లల చేతే తయారు చేయించండి.

మీరు అడగలేదు గానీ, ఈ సమస్య మీకు తప్పకుండా వస్తుంది: ఆరో తరగతిలో కొత్తగా చేరేవాళ్ళు. ఐదేళ్ళు నేర్చుకున్నవాళ్ళ పక్కన ఒక్క ముక్క రానివాళ్ళు. వాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచి చెబితే పాత పిల్లల ఐదేళ్ళూ నీళ్ళపాలు, నా మొదటి స్కూల్లో జరిగింది అదే. బార్సిలోనాలో కార్మెన్ మున్యోస్ బృందం ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. క్లాసు గంటలు సమానంగా ఉన్నప్పుడు, ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్ద పిల్లలు చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకంటే వేగంగా నేర్చుకున్నారు. కాబట్టి కొత్తవాళ్ళ గురించి మరీ కంగారు పడకండి. ఏడు క్రియలు, వాటి అర్థాలు ఒక కాగితం మీద ఇచ్చి మొదటి రోజు నుంచే కథల్లో కూర్చోబెట్టండి. ఏడాది తిరిగేసరికి గ్రామర్‌లో కలిసిపోతారు. పాత పిల్లల చెవి, పలుకు, బెరుకు లేకపోవడం, అవి వాళ్ళకే ఉంటాయి, ఆ ఐదేళ్ళు ఇచ్చింది అదే. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలెవరైనా ఉంటే మాత్రం వాళ్ళ పని వేరు. వాళ్ళకు మాట్లాడటం వచ్చు, చదవడం, రాయడం కావాలి. వాళ్ళను మీకు అసిస్టెంట్లుగా వాడుకోకుండా పుస్తకాలు ఇచ్చి చదివించండి.

పరీక్షలు చిన్న తరగతుల్లో వద్దు, వింటూ చేసింది చూస్తే సరిపోతుంది. పెద్ద తరగతుల్లో స్కూలు పట్టుబడితే మాటల అర్థాలు అడిగే పేపర్ కాకుండా, తెలిసిన మాటలతో రాసిన తెలియని కథ ఇచ్చి ప్రశ్నలడగండి. ఎనిమిదో తరగతి చివర్లో బయటి సర్టిఫికెట్ కావాలనుకునే తల్లిదండ్రులకు, స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే దెలె అనే స్పానిష్ పరీక్షల్లో 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళ కోసమే ప్రత్యేకంగా పేపర్లున్నాయి, అన్నిటికంటే మొదటి మెట్టయిన ఎ1 స్థాయికి ఒకటి, ఆ పై మెట్లు ఎ2, బి1 కలిపి ఒకటి. మనకున్న గంటలతో ఎ1 చాలామందికి అందుతుంది, ఎ2 కొందరికి. అంతకు మించి మాట ఇవ్వకండి.

మీ చేతిలో ఉన్న టెక్స్ట్‌బుక్‌ను ఆరో తరగతి నుంచి వాడండి, వరసగా కాదు, మీ కథకు ఏ అధ్యాయం పనికొస్తే అది. ఐదో తరగతి దాకా దాన్ని మీ బల్ల మీదే ఉంచుకోండి, పిల్లలకు ఇవ్వకండి. మొదటి వారం అన్ని తరగతులకూ ఒకే పని చేయొచ్చు: పది ఆజ్ఞలు, ఒక పిల్లి, ఒక టోపీ. ఏ తరగతి ఎంత దూరం వెళ్ళగలదో ఆ ఆరు రోజుల్లో మీకే తెలిసిపోతుంది. ఆరో తరగతిలో కొత్తవాళ్ళు ఎంతమందో, వాళ్ళు తెలుగు చదవగలరో లేదో రాయండి. దాన్ని బట్టి మొదటి నెలకు కథలు ఎలా అల్లుకోవాలో విడిగా చెబుతాను.